కనకదుర్గగారి అట్లతద్దికి అడ్డొచ్చిన బూట్లు

మా అత్తయ్య కనకదుర్గగారి లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు. గుమ్మం బయట చెప్పులు విడిచేవాళ్ళు ఒక రకం. మా మామయ్యగారు రెండో రకం.

మామయ్యగారి పేరు చక్రపాణి. పాలకొల్లు చుట్టుపక్కల కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తడినేల మీద ఉత్తకాళ్ళతో నిలబడి స్విచ్చు వేస్తే, కరెంటు ఆయన్ని తీసుకెళ్ళి ఎదురుగోడకి కొట్టిందట. ప్రాణం పోలేదు కానీ నేల మీద నమ్మకం పోయింది. అప్పట్నుంచీ కాలికింద రబ్బరు లేకుండా ఆయన అడుగు తీసి అడుగు వేసింది లేదు. వరండాలో బూట్లు, వంటింట్లో బూట్లు, పడగ్గది మంచం దాకా బూట్లు. దేవుడి గదికి ఒక్కదానికే మినహాయింపు. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం, దేవుడి గదిలోకి వెళ్ళకపోవడం.

పెళ్ళిపీటల మీద కూర్చునే ముందు బూట్లు విప్పమంటే, పందిట్లో వేలాడే రంగుబల్బుల వైరు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెళ్ళి చూసొచ్చాకే విప్పారట. ముహూర్తం ఇంకొంచెంలో దాటిపోయేదట. ఈ సంగతి అత్తయ్య చెప్పినప్పుడల్లా మామయ్యగారు, "ఎర్తింగ్ లేదు మరి," అంటారు, నిన్ననో మొన్ననో జరిగినట్టు.

ఇద్దరూ 2011 మే నెలలో డాలస్ పక్కనున్న ప్లేనో వచ్చారు, మా దగ్గర ఆర్నెల్లు ఉండడానికి. అమెరికా మీద అత్తయ్యకి మొదటి మంచి అభిప్రాయం ఎయిర్‌పోర్టులోనే కలిగింది. న్యూజెర్సీలో దిగి డాలస్ విమానం ఎక్కబోతుంటే సెక్యూరిటీ వాళ్ళు వరసలో ఉన్న అందరి చేతా బూట్లు విప్పించారు. మామయ్యగారి చేత కూడా. "నేను నలభయ్యేళ్ళు మొత్తుకుంటే విప్పని మనిషి, ఆ నీలంచొక్కా పిల్ల వేలు చూపించగానే విప్పేశారే అమ్మాయ్!" అని ఇంటికి రాగానే మొదట నాతో ఆ మాటే చెప్పింది. రెండో మంచి అభిప్రాయం మా ఏసీ బాగు చెయ్యడానికొచ్చిన తెల్లాయన వల్ల. ఆయన గుమ్మంలో ఆగి, జేబులోంచి రెండు నీలం సంచులు తీసి, బూట్ల మీద తొడుక్కుని లోపలికొచ్చాడు. పని అయ్యాక వాటిని చెత్తబుట్టలో పడేసి వెళ్ళాడు. అత్తయ్య వాటిని తీసి, ఉతికి, ఆరేసి, మామయ్యగారి బూట్లకి తొడిగింది. మధ్యాహ్నానికి చిరిగిపోయాయి.

మా కార్పెట్ లేత గోధుమరంగుది. మా అత్తయ్యకి ఆ కార్పెటంటే నా కంటే ప్రాణం.

ఇక ఆమె అట్లతద్ది సంగతి. మాది హన్మకొండ, మాకు తెలిసింది బతుకమ్మ. అట్లతద్ది నేను అత్తయ్య దగ్గరే నేర్చుకున్నాను. ఆశ్వయుజ మాసంలో పౌర్ణమి వెళ్ళిన మూడోనాడు ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, ఉయ్యాలలూగి, పగలంతా ఉపవాసముంటారు. సాయంత్రం గౌరమ్మకి పూజ చేసి, చంద్రుణ్ణి చూశాకే తింటారు. అలా చేస్తే చంద్రుడిలాంటి మొగుడొస్తాడట. పెళ్ళయ్యాక ఎప్పుడో ఒకప్పుడు పదిమంది ముత్తయిదువుల్ని పిలిచి, తలా పదకొండట్లు వాయనమిచ్చి నోముకి ముగింపు చెప్పుకోవాలి. దాన్ని ఉద్యాపన అంటారు.

అత్తయ్య నోము పట్టింది పదిహేడో ఏట, 1969లో. మరుసటేడు మాఘంలో పెళ్ళయింది. ఉద్యాపన మాత్రం కాలేదు. ఒకేడు పురుడు, ఒకేడు మైల, ఒకేడు తుఫాను. ఒకేడు పదిమంది కావలసిన చోట తొమ్మిదిమందే దొరికారు. ఇంకో ఏడు అన్నీ కుదిరి పిండి కూడా రుబ్బుకున్నాక మామయ్యగారికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరొచ్చింది.

"మా అమ్మ పోయేముందు కూడా అదే అడిగిందే," అంది ఒకరోజు, గోంగూర ఒలుస్తూ. "కనకం, ఉద్యాపన చేసుకున్నావా అని. ఇంకా లేదమ్మా అన్నాను. నా బిడ్డ చేసుకుందని విని పోవాల్సిన మనిషి, లేదనిపించుకుని పోయింది. ఎప్పుడు తలుచుకున్నా గుండెలో కలుక్కుమంటుందే అమ్మాయ్."

నాకు ఇలాంటివి వింటే జాలి కంటే ముందు కోపమొస్తుంది. నలభయ్యేళ్ళలో ఒక్క సాయంత్రం దొరకదా మనిషికి! వెంటనే రెండిళ్ళవతల ఉండే శశికళకి ఫోన్ చేశాను. తనకి ప్లేనోలో తెలియని తెలుగిల్లు లేదు. సాయంత్రానికల్లా పదిమంది ముత్తయిదువులు తయారు. పాలకొల్లులో నలభయ్యేళ్ళు దొరకనివాళ్ళు టెక్సస్‌లో ఒక్క ఈమెయిల్‌కి దొరికారు. ఆ యేడు తద్ది శుక్రవారం పడింది, మర్నాడు ఆఫీసుల గొడవ లేదు. నెలాఖరుకి వాళ్ళ తిరుగు ప్రయాణం. అంతా కుదిరింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

తద్ది ఇంకో వారం ఉందనగా మా ఆయన హర్షవర్ధన్‌కి అమ్మానాన్నలకి హ్యూస్టన్‌లో అంతరిక్ష మ్యూజియం చూపించాలని బుద్ధి పుట్టింది. పులిహోర కట్టుకుని తెల్లవారుజామున బయల్దేరాం. రాకెట్లు చూశాం, చంద్రుడి రాయిని వేలితో ముట్టుకున్నాం. అత్తయ్య ఆ వేలు కళ్ళకద్దుకుంది. అంతవరకూ అంతా బాగానే ఉంది.

తర్వాత ఒక గాజు బీరువాలో పెద్ద బూట్ల జత కనిపించింది. మామయ్యగారు దానికి ముక్కు ఆనించి నిలబడిపోయారు. పైన వెండిరంగు లోహపు గుడ్డ, కింద బద్దలు బద్దలుగా మందపాటి నీలం రబ్బరు.

"కనకం, ఇలా రా! చంద్రుడి మీద నడిచినవాళ్ళు అసలు బూట్ల మీద మళ్ళీ ఇవి తొడుక్కునేవాళ్ళట. ఎండకి కాలకుండా, రాళ్ళు గుచ్చుకోకుండా. కింద చూడు, రబ్బరు! చంద్రుడి మీదక్కూడా రబ్బరు లేకుండా దిగలేదు. నేనేమన్నా వింతగా చేశానా?"

"మన ఏసీ ఆయన తొడుక్కున్నాడే, అలాంటివన్నమాట," అంది అత్తయ్య మెచ్చుకోలుగా. "శుభ్రత తెలిసినవాళ్ళు."

మా అమ్మాయి నీహారికకి ఎనిమిదేళ్ళు. కనిపించిన అక్షరమల్లా చదవడం అప్పుడు దానికి సరదా. పక్కనున్న బోర్డు చదివి, "మామ్మా, దిస్ ఈజ్ నాట్ రియల్. ఇది కాపీ. రియల్ షూస్ మూన్ మీద ఉంది. వాళ్ళు అక్కడ లీవ్ చేసి వచ్చారు," అంది.

అత్తయ్య మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు మారాయి. "వదిలేసొచ్చారా? చంద్రుడి మీదా?"

"బరువు తగ్గించుకోడానికమ్మా," అన్నాడు హర్ష. "రాళ్ళు తెచ్చుకోవాలి కదా. చివరిసారి వెళ్ళినవాళ్ళు తప్ప దాదాపు అందరూ అక్కడే వదిలేశారు."

"రాళ్ళు తెచ్చుకోడానికి చెప్పులొదిలేసొచ్చారా! మొదట ఎప్పుడొదిలారు?"

"సిక్స్‌టీ నైన్. జూలై."

అత్తయ్య వెళ్ళి అక్కడున్న బెంచీ మీద కూర్చుంది. నేను మంచినీళ్ళ సీసా ఇచ్చాను, తాగలేదు. కాసేపు వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకుంది.

"అరవై తొమ్మిది అట్లతద్దికే నేను నోము పట్టాను," అంది చివరికి. "జూలైలో చెప్పులు, అక్టోబర్లో నేను. అంటే నేను అక్షింతలేసింది చెప్పుల మీదన్నమాట. ఇన్నేళ్ళూ."

"అత్తయ్యా, అంత దూరంలో రెండు జతల చెప్పులు..."

"నువ్వుండవే. చంద్రుడిలాంటి మొగుణ్ణివ్వమని దణ్ణం పెట్టాను. నెత్తిన చెప్పులు పెట్టుకున్న చంద్రుడికి పెట్టాను. మరి నాకెలాంటి మొగుడొస్తాడు?"

అందరం ఒక్కసారే మామయ్యగారి కాళ్ళ వైపు చూశాం. పదో నంబరు నల్లబూట్లు, లావుపాటి రబ్బరు సోలు. పైగా ఆయన తల మీద జుట్టు పోయి ముప్ఫయ్యేళ్ళయింది. గుండ్రంగా, నున్నగా, ఎండకి మెరుస్తుంది. చంద్రుడు అడిగినంతా ఇచ్చాడని నాకే అనిపించింది, నవ్వాపుకోడానికి నీహారిక జడ సవరించాను.

పులిహోర డబ్బా మూత కూడా తియ్యకుండా ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున అత్తయ్య తీర్పు చెప్పింది. "ఉద్యాపన లేదు. చెప్పులున్నచోట దీపం పెడతామా?"

నాకు ఒళ్ళు మండింది. "ఎట్ల అత్తయ్యా? పదిమందిని పిలిచినం. జాకెట్టు ముక్కలు తెచ్చినం. శశికళ ఆఫీసుల డిన్నర్ క్యాన్సిల్ చేసుకున్నది. ఇప్పుడొచ్చి చంద్రుడి మీద చెప్పులున్నయ్, రాకండ్రి అని చెప్పాల్నా?"

"చెప్పు. ఉన్నమాటేగా."

ఆ రోజుల్లో ఇండియాలో తెలంగాణ రాష్ట్రం గొడవ ఊపు మీదుంది. ఎవరు ఫోన్ చేసినా, మీ ఇంట్లో ఆంధ్రా, తెలంగాణా ఎలా సర్దుకుంటున్నారని అడిగేవారు. మా ఇంట్లో అప్పుడున్నది చెప్పుల సమస్య ఒక్కటే.

శశికళ గుడి పంతులుగారికి స్పీకర్ ఫోన్ కలిపింది. ఆయన ఎక్కడికో డ్రైవ్ చేస్తున్నారు. మొత్తం విని, "అమ్మా, ఆ పాదరక్షలు తోలువా, రబ్బరువా?" అన్నారు.

"సిలికాన్ రబ్బరండీ! పైన లోహపు గుడ్డ!" వెనకనుంచి మామయ్యగారు అరిచారు.

"తోలు కాదు కనక దోషం కొంత తక్కువే. సంప్రోక్షణ చేయిస్తే సరిపోతుంది. నాలుగు చుక్కలు నీళ్ళు చల్లడమే."

"అక్కడికెళ్ళి ఎవరు చల్లుతారండీ?" అంది అత్తయ్య.

ఫోన్లో కాసేపు కారు ఇంజను చప్పుడు మాత్రమే వినిపించింది. "అమ్మా, నేను ఎగ్జిట్ మిస్సయ్యాను. మళ్ళీ చేస్తాను," అని పెట్టేశారు. ఆయన మళ్ళీ చెయ్యలేదు.

తర్వాత ప్రయత్నం నీహారిక చేసింది. "మామ్మా, వాళ్ళు షూస్ బయట రిమూవ్ చేసి, తర్వాత లోపలికి వెళ్ళారు. మన హౌస్‌లో లాగే. దట్స్ గుడ్ మ్యానర్స్, రైట్?"

ఈ మాట అత్తయ్యకి కొంచెం తగిలింది. ఆలోచించింది. "బయట విడవడం మంచిదే తల్లీ. వెళ్ళేటప్పుడు తొడుక్కు వెళ్ళాలి కదా. పేరంటానికొచ్చినవాళ్ళు మన గుమ్మంలో చెప్పులొదిలేసి పోతే ఏమంటాం?"

అత్తయ్య ఆ రోజంతా కార్పెట్ మీద దారప్పోగులు ఏరింది. కోపంగా ఉండి ఉంటే నాకు బాధుండేది కాదు. దిగులుగా ఉంది. వాళ్ళమ్మకి ఇంకోసారి "లేదమ్మా" అని చెబుతున్నట్టుంది ఆ మొహం.

అది మామయ్యగారు కూడా చూసినట్టున్నారు. రాత్రి భోజనాల దగ్గర పెరుగు కలుపుకుంటూ, తలెత్తకుండా, "కనకం, నువ్వు ఉద్యాపన చేసుకో. ఆ రోజు తెల్లారిందగ్గర్నించీ నా బూట్లు గరాజ్‌లో ఉంటాయి," అన్నారు.

హర్ష చేతిలో చెంచా కంచంలో పడింది.

"ఇంట్లో ఉత్తకాళ్ళతో తిరుగుతారా?" అంది అత్తయ్య.

"మేజోళ్ళు వేసుకుంటా."

"ఈ కార్పెట్ మీద?"

"ఈ కార్పెట్ మీదే. షాక్ కొడితే కొట్టనీ."

అత్తయ్య ఆయన్ని చాలాసేపు చూసింది. "అక్కడి చెప్పులెలాగూ నా చేతుల్లో లేవు," అంది చివరికి. "ఇక్కడివైనా బయటుంటే, సగం దోషం పోయినట్టే." నాకేసి తిరిగి, "మినప్పప్పు ఎంత తెచ్చావే?" అంది. అంతవరకూ నేను అసలు తేనేలేదు, కానీ ఆ ప్రశ్న విని కలిగినంత సంతోషం నాకు గ్రీన్‌కార్డు వచ్చినరోజు కూడా కలగలేదు.

అట్లతద్దినాడు చీకటుండగానే లేచి పెరుగన్నం, గోంగూర పచ్చడి తిన్నాం. పట్టుచీర కట్టుకున్న అత్తయ్య మా కాలనీ పార్కులో పిల్లల ఉయ్యాల ఎక్కి ఊగింది. కుక్కతో వాకింగ్‌కొచ్చిన ఒకావిడ గుడ్‌మార్నింగ్ చెప్పి, కుక్కని కాస్త దూరంగా నడిపించుకుపోయింది.

మామయ్యగారు మాట నిలబెట్టుకున్నారు. తెల్లారేసరికి ఆయన బూట్లు గరాజ్ తలుపు పక్కన, మెట్టు కింద బుద్ధిగా ఉన్నాయి. ఆయన మేజోళ్ళతో కార్పెట్ మీద పిల్లిలా నడిచి వెళ్ళి బాత్రూమ్ తలుపు గుబ్బ పట్టుకున్నారు. చిటుక్కుమంది. "చూశావా!" అని అరిచారు. కాఫీ కోసం వస్తూ ఫ్రిజ్ ముట్టుకున్నారు, మళ్ళీ చిటుక్కుమంది. ఆ చిటుకులు మేజోళ్ళవల్లేనని హర్ష చెబితే, చాలా ధైర్యం తెచ్చుకుని అవి కూడా విప్పేశారు. నా కాపురంలో మామయ్యగారి పాదాలు పగటివెలుతురులో చూడడం నాకదే మొదలు. తెల్లగా, మెత్తగా, చంటిపిల్లాడి పాదాల్లా ఉన్నాయి.

అట్లు పొయ్యడం సంగతి చెప్పను, చెబితే ఇప్పటికీ నాకు నడుం నొప్పి వస్తుంది. స్మోక్ అలారం కొట్టినప్పుడల్లా మామయ్యగారు ఉత్తకాళ్ళతో పరిగెత్తుకొచ్చి తువ్వాలుతో విసిరారు.

సాయంత్రం పదిమందీ వచ్చారు. ముందుగుమ్మం బయట చెప్పుల గుట్ట చూసి అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. గౌరీపూజ అయింది, కథ అయింది. అట్ల పళ్ళేలు వరసగా పేర్చాం. ఇక చంద్రుడు రావాలి.

చంద్రుడు రాలేదు. ఎనిమిదిన్నరైంది, తొమ్మిదైంది. మా పెరట్లోంచి తూర్పున కనిపించేది కంచె, కంచెకవతల పక్కవాళ్ళ రెండంతస్తుల ఇల్లు, దాని పైన మబ్బు. ముత్తయిదువులు నిలబడి, కూర్చుని, మళ్ళీ నిలబడి, అట్ల వైపు చూసి, చూడనట్టు నటించారు. శశికళ స్నేహితురాలు ఉషా, "ఆంటీ, ఇంటర్నెట్‌లో మూన్ లైవ్ వస్తుంది, టీవీకి కనెక్ట్ చేసి చూద్దామా?" అంది.

"వద్దమ్మా. దగ్గరగా చూపిస్తే అవి కూడా కనిపిస్తాయి," అంది అత్తయ్య నీరసంగా.

షుగర్ మాత్రలు వేసుకునే మనిషి, పొద్దుట్నుంచీ మంచినీళ్ళ మీదుంది. మొహం వాడిపోయింది. నేను తినెయ్యమన్నాను, బతిమాలాను, కోప్పడ్డాను. "ఇన్నేళ్ళాగినదాన్ని, ఇంకాసేపు ఆగలేనా?" అంది. ఇంకాసేపటికి కూడా రాకపోతే ఏం చేస్తుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పుడు శశికళకి వాళ్ళాయన ఫోన్ చేశాడు. హైవే పక్కన ఫర్నిచర్ షాపు పార్కింగ్ లాట్‌లోంచి చంద్రుడు కనిపిస్తున్నాడట, కానీ మబ్బు కమ్ముకొస్తోందట.

"లేవండి! అందరూ కార్లెక్కండి!" అని అరిచాను. ఇలాంటప్పుడు నా గొంతు బాగా పనికొస్తుంది. అట్ల పళ్ళేలు చేతుల్లో పట్టుకుని పట్టుచీరలన్నీ గరాజ్ లోంచి వ్యాన్లలోకి పరిగెత్తాయి. ముందు వ్యాన్ శశికళది, అత్తయ్య అందులో ఎక్కింది. రెండోది నేను నడిపాను. చివర్లో హర్ష కారు.

షాపు మూసేసి ఉంది. ఖాళీ పార్కింగ్ లాట్, దీపాల స్తంభాలు, హైవే ఫ్లైఓవరు. దాని పైన, ఒక పక్క కాస్త అరిగి, పచ్చగా చంద్రుడు. కుడివైపునుంచి మబ్బు వస్తోంది.

అత్తయ్య దిగి పరిగెత్తింది. టపాటపా చప్పుడైంది. ఆ చప్పుడేమిటా అని నేను కిందికి చూశాను. కంచిపట్టు అంచు కింద పదో నంబరు నల్లబూట్లు.

గరాజ్ తలుపు పక్కన మొదట కాళ్ళకి తగిలినవి తొడుక్కుని వచ్చేసింది. ఆమె చెప్పులు ముందుగుమ్మం దగ్గర, గుట్టలో ఉండిపోయాయి. తనకింకా తెలీదు. చంద్రుడి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది, పళ్ళెం కోసం పక్కకి చూసి, తర్వాత కిందికి చూసింది.

నలభయ్యేళ్ళ నోము, ముత్తయిదువులు పదిమంది, ఎదురుగా చంద్రుడు, కాళ్ళకి బూట్లు. ఈవిడ ఇప్పుడు వెనక్కి తిరిగి కారెక్కితే ఇక జన్మలో ఉద్యాపన ఉండదు.

వెనకనుంచి "అబ్బా, అమ్మా," అంటూ ఎవరో వస్తున్నారు. మామయ్యగారు. రెండు చేతుల్తో పూజపళ్ళెం పట్టుకుని, తారు మీద గులకరాళ్ళు గుచ్చుకుంటుంటే ఎగిరెగిరి నడుస్తున్నారు.

"కనకం, పళ్ళెం మర్చిపోయావే," అన్నారు రొప్పుతూ.

అత్తయ్య ఆయన పాదాల వైపు చూసింది. "మీ బూట్లేవండీ?"

"నీ కాళ్ళకున్నాయి కదే."

ముందు శశికళ నవ్వింది, తర్వాత పదిమందీ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. ఉత్తకాళ్ళతో, ఆరుబయట, కరెంటు స్తంభం కింద, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఒక బూటులోంచి కాలు తీసింది, రెండో దాంట్లోంచి తీసింది. ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది. ఇద్దరి పాదాలూ తారు మీద పక్కపక్కనే ఉన్నాయి.

చంద్రుడికి హారతిచ్చింది. అక్షింతలేసింది. ఈసారి కాస్త పక్కకి గురిచూసి వేసిందని నీహారిక అంటుంది, నేను చూడలేదు. అక్కడే, ఒక్కొక్కరి కొంగులో అట్లు పెట్టి, "ఇస్తినమ్మ వాయనం," అంటే వాళ్ళు, "పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నారు. చిన్న బండి మీద షాపు సెక్యూరిటీ అతను వచ్చి ఏంటిదంతా అని అడిగితే శశికళ అతని చేతిలోనూ ఓ అట్టు పెట్టింది. అతను సగం తిన్నాక ఇంకేమీ అడగలేదు.

ఆఖరి వాయనం ఉషాకిచ్చి అత్తయ్య పైకి చూసింది. "అయిందమ్మా," అంది. చంద్రుడితో కాదని నాకు తెలుసు. ఏడవకూడదని ఎంత అనుకున్నా నాకు ఏడుపొచ్చింది, నా పమిట చెంగుతోనే అత్తయ్య కళ్ళు కూడా తుడిచాను. అంతలో మబ్బు కప్పేసింది. ఆకలి గుర్తొచ్చి అందరం కార్లెక్కి ఇంటికొచ్చేశాం.

ముద్దపప్పు, పులుసు, అట్లు. పదిమందీ ఆవురావురుమని తింటున్నారు. గరాజ్ లోంచి మామయ్యగారి గొంతు వినిపించింది. "కనకం, నా బూట్లేవీ?"

అత్తయ్య నోట్లో అట్టుముక్క నమలడం ఆపింది. అందరం ఆమె వైపే చూశాం.

"అక్కడే విడిచాను," అంది.

అత్తయ్య చేతిలో ముక్క కంచంలో పెట్టి కిటికీ వైపు చూసింది. బయట మబ్బు తప్ప ఏమీ లేదు.

"పాపం, వాళ్ళూ ఇలాగే మర్చిపోయుంటార్రా," అంది.

"మర్చిపోలేదమ్మా, బరువు తగ్గించుకోడానికి..." అని హర్ష మొదలుపెట్టాడు.

"నువ్వూరుకో. అంత దూరం వెళ్ళి, వెళ్ళిన పని అయ్యాక, కాళ్ళకి ఏమున్నాయో, ఎక్కడ విడిచామో ఎవరికి గుర్తుంటుందిరా? ఇంటికి ఎప్పుడెప్పుడు పోదామా అని ఉంటుంది." మళ్ళీ అట్టు తుంచుకుంది. "ఊరికే తిట్టుకున్నాను వాళ్ళని."

పొద్దున్నే హర్ష వెళ్ళి చూసొచ్చాడు. పార్కింగ్ లాట్‌లో అక్షింతలున్నాయి, బూట్లు లేవు.

"ఎవరు పట్టుకుపోయుంటారే?" అన్నారు మామయ్యగారు దిగులుగా.

అత్తయ్య ఆయనకి కాఫీ చల్లార్చి ఇచ్చింది. "ఆ చంద్రుడు మాత్రం ఎన్నాళ్ళని ఎవరో విడిచిన పాతవి పెట్టుకుంటాడండీ? మీవే బాగున్నాయనుకుని ఉంటాడు."

మామయ్యగారు కాఫీ తాగి, కార్పెట్ మీద ఉత్తకాళ్ళతో నడిచి, తలుపు గుబ్బ పట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగి, పట్టుకుని, కొత్త బూట్లు కొనుక్కోడానికి హర్ష వెంట బయల్దేరారు. సాయంత్రం తిరిగొచ్చి, ఆ కొత్తవి విప్పి గుమ్మం బయట పెట్టారు.